బ్రదికియున్నవారి భయమునకు పద్దు లేదా?

మహారాజరాజశ్రీ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖాధికారుల సముఖమునకు,

ఆర్యులారా,

అప్పుల బాధకు తాళలేక ప్రాణము తీసికొనిన రైతు కుటుంబమునకు లక్షన్నర రూపాయల సాయము చేయవలయునని 2004వ సంవత్సరమున ప్రభుత్వము 421వ నంబరు ఉత్తరువును వెలువరించి, ఆ మరణము యథార్థముగా సేద్యపుటప్పు మూలమున సంభవించినదా లేదా యని విచారించుటకు మండలమున తహశీల్దారును, పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరును, వ్యవసాయాధికారిని, వారిపైన డివిజనులో ఆర్డీవోను, డీఎస్పీని, వ్యవసాయ సహాయ సంచాలకుని నియోగించినది. ఆ మొత్తము 2015లో 5 లక్షలకును, 2019లో 7 లక్షలకును పెరిగినది. పెరిగినందుకు నాకు విచారము లేదు. పెనిమిటిని గోల్పోయి పిల్లలతో మిగిలిన ఇల్లాలికి ఎంత యిచ్చినను అది హెచ్చు గాదు. నా ఆక్షేపణ మరియొకటి. ఆ ఆరుగురిలో వైద్యుడొక్కడును లేడు. మృతుని పట్టాదారు పాసుపుస్తకము చూతురు, ప్రోనోట్లు చూతురు, బ్యాంకు బాకీ చూతురు, శవపరీక్షా నివేదికను చూతురు. చనిపోవుటకు ముందు నెలల తరబడి అతనికి నిద్ర పట్టినదా, గుండె యెట్లు కొట్టుకొన్నది, అన్నము లోపలికి పోయినదా యని విచారించుట ఆ ఆరుగురిలో నెవ్వరి విద్యయు గాదు.

ఇది రెవిన్యూ శాఖవారి ఉత్తరువు, దీనితో మాకేమి సంబంధమని మీరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నయే నాచేత ఈ లేఖ వ్రాయించుచున్నది. మెదడులో మొలకెత్తి, శరీరమంతయు వ్యాపించి, కొందఱిని మరణపు గడపవఱకును నడిపించు నొక రోగమును, అది రోగముగా నున్నంతకాలము పట్టించుకొనక, శవమైన పిమ్మట రెవిన్యూవారికిని పోలీసువారికిని అప్పగించి, ఆరోగ్యశాఖ యిట్లు తటస్థముగా నుండుట యే ధర్మము?

కంబదూరు మీకు పటములో తెలిసియుండును. పడమటి కనుమల చాటునబడిన అనంతపురపు పీఠభూమిపై, సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, ఎఱ్ఱనేలలో శెనక్కాయ విత్తి ఆకసమువంక చూచు ఊళ్లలో ఇదియు నొకటి. ఇచ్చటివాడు ఆసుపత్రికి వచ్చి నాకు మానసిక రుగ్మత కలదని చెప్పడు. “గుండె దడదడ అంటాంది సార్, ఊపిరి ఆడినట్ల లేదు, చేతులు తిమ్మిరి పడతాండాయి, సచ్చిపోతానేమో అనిపిస్తాది” అనును. స్త్రీ యైనచో “కడుపులో ఏందో తిప్పినట్లయితాది, నడిజాములో మెలకువొచ్చి మళ్ల నిద్ర పట్టదు” అనును. అంతట ఈసీజీ తీయుదురు. అది నిర్దుష్టముగా నుండును. గ్యాసని యొక మాత్ర, బలమునకని యొక బి-కాంప్లెక్సు సూది, మఱి గట్టిగా బ్రతిమాలినచో నొక గ్లూకోసు సీసా. మఱల వచ్చినపుడు “నీకేమియు లేదు పో, ధైర్యముగా నుండు” అని పంపివేయుదురు. ఆపైన అతడు రాడు. కల్యాణదుర్గమునకో, అనంతపురమునకో, కడకు అప్పుచేసి బెంగుళూరికో పోవును. లేదా గాలి సోకినదని నమ్మి, తాయెత్తు కట్టించుకొని యింటనే పడియుండును. మందుల దుకాణమున చీటి లేకయే దొరకు నిద్రమాత్రకు అలవాటుపడినవారును కలరు; ఆల్ప్రజోలాము వంటి యా మాత్ర నాటి రాత్రికి భయమును అణచును గాని, కొన్ని వారములు ఎడతెగక మ్రింగినవానిని పిమ్మట తన్ను విడువనీయదు.

తాయెత్తు కట్టినవానిని నేను నిందింపజాలను. అతడు కనీసము రోగి చెప్పినది ఓపికతో విని, నీకేదో యున్నదని యొప్పుకొనెను. కాగితము చూచి ఏమియు లేదన్న విద్యావంతునికంటె ఈ విషయమున అతడే సత్యమునకు సమీపమున నున్నాడని వ్రాయుట నాకు ప్రియము గాదు, వ్రాయక తప్పదు.

ఏలయన, ఏమియు లేదను మాట అబద్ధము. కణతల లోపల, మెదడునకు ఇరుప్రక్కలను, బాదంగింజ యాకారమున అమిగ్డలా యను రెండు చిన్న కేంద్రములు కలవు. పంటకు అడవిపందుల బెడదగల యీ సీమలో మంచెమీది కావలివానిని ఎఱుగనివారు లేరు: చీకటిలో ఆకు కదలినంతనే అతడు కేకవేయును, కదలించినది పందియో, గాలియో, పొరుగువాని కుక్కయో తరువాత తెలియును. అమిగ్డలా చేయు పని యిట్టిదే. కన్నును చెవియు తెచ్చు వార్త థాలమసునుండి రెండు త్రోవల పోవుననియు, ఒకటి నేరుగా అమిగ్డలాకు జేరు దగ్గఱి త్రోవ యనియు, రెండవది మెదడు పైపొరయగు కార్టెక్సుగుండ సావకాశముగా విచారించుకొని వచ్చు చుట్టుత్రోవ యనియు అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ లెడూ ఎలుకలపై జరిపిన పరిశోధనలచే నిరూపించెను. దగ్గఱి త్రోవను వచ్చిన సగము వార్తకే కేక లేచును. అది హైపోథాలమసునకు చేరును. అందుండి నాడులద్వారా మూత్రపిండముల పైనుండు అడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ వెడలును. అడ్రినలిన్ రక్తమున గలసినంతనే గుండె వేగము హెచ్చును, శ్వాస తఱచగును, కడుపునకు పోవలసిన రక్తము కండరములకు మరలును, అరచేతులు చెమర్చును. పోరుటకో పాఱిపోవుటకో శరీరము చేసికొను ఈ సన్నాహమును హార్వర్డు పండితుడు వాల్టర్ కానన్ 1915లోనే గ్రంథస్థము చేసియుండెను. మా ఊరి రైతు చెప్పిన దడయు, ఆయాసమును, కడుపు త్రిప్పును ఈ సన్నాహమునందలి యంగములే. చేతుల తిమ్మిరి, వేగముగా శ్వాసించుటచే రక్తమున బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవుటవలన గలుగునది. అతడు కల్పించి చెప్పిన దొక్కటియు లేదు. మీ యంత్రము గుండెను పరీక్షించినది, కేక పుట్టిన చోటును పరీక్షింపలేదు.

ఆరోగ్యవంతునియందు ఈ కేకను మాన్పు శక్తియు కలదు. ఇది యిల్లు, ఇది పగలు, ఇచ్చట ఆపద లేదని హిప్పోక్యాంపస్ స్థలకాలములను జ్ఞప్తిచేయగా, నుదుటివెనుక నుండు ప్రీఫ్రంటల్ కార్టెక్సు అమిగ్డలాను శాంతింపజేయును. గాబా యను రసాయనము నాడీకణముల యుద్రేకమును తగ్గించును. ఆందోళనారోగమునందు ఈ పొందిక చెడును. స్వల్పకారణమునకే అమిగ్డలా లేచును. పైనుండి వచ్చు శాంతివచనము దానిని చేరదు, చేరినను నిలువదు. అట్టివానితో “ధైర్యముగా నుండు” మనుట, ఏ నాడీమార్గము దుర్బలమైనదో ఆ మార్గముననే బరువు మోయుమని యాజ్ఞాపించుట గాదా?

మఱియు, పాము ఎదుటనున్నపుడు కలుగు భయము వేఱు. ఎక్కడనో కలదని తెలిసి కనబడకున్నపుడు కలుగు కలవరము వేఱు. ఈ రెండవదానియందు అమిగ్డలాకు చేరువనున్న బీఎన్‌ఎస్‌టీ యను మరియొక కేంద్రమునకు ప్రధానపాత్ర కలదని మైకేల్ డేవిస్ మొదలగువారి పరిశోధనలు సూచించినవి. ఎప్పుడు వచ్చునో తెలియని యాపద కొఱకు ఎడతెగక కాచుకొనియుండుట ఆ కలవరముయొక్క స్వభావము. ఇక మా సేద్యమును దలపోయుడు. తొలకరికి విత్తవలయునా వలదా. విత్తినచో ఊడలు దిగు వేళకు నేలలో పదును మిగులునా. వందల అడుగులు దింపిన బోరున నీరు పడునా, పడినచో ఎన్నాళ్లు నిలుచును. ఇల్లాలి మెడలోనుండి బ్యాంకునకు చేరిన బంగారమునకు వేలపు నోటీసు ఏ నెలలో వచ్చును. బెంగుళూరికి కూలికిపోయిన కొడుకు ఈ వారము డబ్బు పంపునా! ఒక్కటియు నిశ్చితము గాదు. ఇట్టి యనిశ్చయములో ఏండ్లకొలది గడపిన మనిషి మెదడు, ఆపద లేనినాడును కావలి మానకున్నచో అది యతని పిఱికితనమా?

మీరు విదేశపు శాస్త్రమనుకొందురేమో, మా ఊరినుండి ఒక పగటి ప్రయాణములో చేరదగిన చోట జరిగిన పనిని స్మరింపజేయుదును. బెంగుళూరిలోని జాతీయ జీవశాస్త్ర కేంద్రమున సుమంత్ర చట్టర్జీయు సహచరులును 2002లో ప్రకటించిన పరిశోధనలో, దీర్ఘకాలపు ఒత్తిడికి లోనైన ఎలుకలలో హిప్పోక్యాంపసునందలి నాడీకణశాఖలు కుంచించుకొనిపోగా, అమిగ్డలాయందలివి అందుకు విరుద్ధముగా పెరిగినవి. 2004లో వారే మరియొక విషయమును జూపిరి: ఒత్తిడి తొలగించి 21 దినములు విశ్రాంతి యిచ్చిన తరువాతను అమిగ్డలాలోని యా పెరుగుదల తగ్గలేదు, ఎలుకల బెదురును తగ్గలేదు. ఎలుక మనిషి గాదు, నిజమే. అయినను ఋణమాఫీ పత్రము చేతికి వచ్చిన పిదపను నిద్రపట్టని వానిని మా పల్లెలలో చూచినవారికి ఈ ఫలితము వింతగొలుపదు.

ఇంతమాత్రమున శాస్త్రము సంపూర్ణమైనదని చెప్పువాడను గాను. ఎస్.ఎం. అను అక్షరములతో వైద్యసాహిత్యమున ప్రసిద్ధురాలైన యొక అమెరికా వనితకు అరుదైన వ్యాధివలన రెండు అమిగ్డలాలును నశించినవి. పాములను జూచినను, బెదరించువారిని జూచినను ఆమెకు భయము గలుగదు. అట్టి యామెయే, 2013లో ప్రకటితమైన ప్రయోగమున, బొగ్గుపులుసు వాయువు హెచ్చుగా గలిపిన గాలిని పీల్చినంతనే ప్రాణభీతితో తల్లడిల్లెను. కావున భయమునకు మెదడులో ఒక్కటే పీఠము లేదు. కొన్ని త్రోవలు ఇంకను మన కగోచరములు. అంతమాత్రమున చికిత్సను వాయిదా వేయవచ్చునా? మధుమేహమును గుఱించిన శాస్త్రమును ముగియలేదు, ఇన్సులినును ఆపియుంచితిరా?

ఇప్పుడు మీ చేతిలోని పత్రమును విప్పి చూడుడు. ముప్పది యేండ్లు నిండిన ప్రతివారి విషయమునను ఆశా కార్యకర్త నింపవలసిన సీబ్యాక్ పత్రమున పొగాకు, మద్యము, నడుము చుట్టుకొలత, మూర్ఛలు, నోటిపుండ్లు, రొమ్ములో గడ్డలు, అన్నిటికిని ప్రశ్నలున్నవి. కడపట, గడచిన రెండువారములలో దేనిమీదను ఆసక్తి లేకపోయినదా, మనసు క్రుంగినదా యని రెండు ప్రశ్నలు చేర్చినారు, చేర్చినవారికి నమస్కారము. భయమును గుఱించి మాత్రము ఒక్క ప్రశ్నయు లేదు. లోకమంతట వైద్యులు వాడుచున్న జీఏడీ-2 యను ప్రశ్నావళి యంతయు రెండే వాక్యములు: గుండె గుబులుగా, కుదురులేకుండ ఉన్నదా, చింతను ఆపుకొనలేకపోవుచున్నారా. ఈ రెండు పంక్తులు కలిపినచో ఏ బొక్కసము వట్టిపోవును? ఆ పత్రము ఢిల్లీలో తయారైనదందురేని, దానికి రెండు పంక్తులు చేర్చరాదని రాష్ట్రమును నిషేధించిన దెవ్వరు? 2017లో దేశమున సుమారు 4 కోట్ల 49 లక్షలమంది ఆందోళనారోగులున్నారని అంచనా వేయబడినది. అడుగకున్నచో వారిలో మావా రెందఱో మీకెట్లు తెలియును? 2015-16లో నిమ్‌హాన్స్‌వారు 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ 12 రాష్ట్రములలోనే ఆందోళన మొదలగు సామాన్య మానసిక రుగ్మతలు గలవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా చికిత్స లేకయున్నారని తేలగా, లెక్కయే లేని మా గతి యేమి?

చట్టము మీయెడ ఉదాసీనముగా లేదు. 2018 మే 29వ తేదీనుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రభుత్వ వ్యయముతో నడచు మానసిక చికిత్సను పొందుట ప్రతివాని హక్కనియు, ప్రాథమిక స్థాయినుండి సాధారణ వైద్యముతో దానిని మేళవింపవలయుననియు 18వ సెక్షనులో శాసించినది. ప్రభుత్వాసుపత్రులలోని వైద్యాధికారులందఱికిని ప్రాథమిక మానసిక చికిత్సయందు శిక్షణ యీయవలయుననియు, పది సంవత్సరములలోపల నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణములకు తేవలయుననియు 31వ సెక్షను చెప్పుచున్నది. ఆ గడువు 2028 మే నెలతో తీరును. ఎంతమంది వైద్యాధికారులకు శిక్షణ ముగిసినదో మండలముల వారీగా ప్రకటింప మీకు అభ్యంతరమేమి? ఉచితముగా నీయవలసిన మందులు సామాజిక ఆరోగ్యకేంద్రము మొదలుకొని పైయాసుపత్రులలో నుండవలయునని చట్టమనినది. అంతకు దిగువనున్న ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఉంచరాదని అనలేదు. ఒక దినపు కూలి పోగొట్టుకొని, బస్సు కూలి పెట్టుకొని వచ్చువానికి ఆ తేడా యెంతటిదో మీరెఱుగరా?

సాధ్యముగాదను మాట మీరనజాలరు. మా అనంతపురము జిల్లా 1882లో బళ్లారినుండి విడివడినది. అదే బళ్లారిలో 1985 మొదలుకొని నిమ్‌హాన్స్‌వారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకును సిబ్బందికిని శిక్షణ యిచ్చి, మందులు చేరువచేసి, మానసిక చికిత్సను పల్లె ముంగిటికి దెచ్చిరి. ఆ పద్ధతియే 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమమై దేశమంతటికిని ప్రాకినది. తొలియేడు ఎన్నుకొనబడిన నాలుగు జిల్లాలలో మెదకు ఒకటి, నాడది ఆంధ్రప్రదేశ్‌లోనిదే. పశ్చిమగోదావరి పల్లెలలో జార్జి ఇన్‌స్టిట్యూట్‌వారు ఆశా కార్యకర్తల చేతికే టాబ్లెట్టు పరికరములిచ్చి, దిగులును ఆందోళనను గుఱించిన ప్రశ్నలు వేయించి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునికి అప్పగింపించిరి. గోవాలో వైద్యవిద్య నెఱుగని సామాన్య సలహాదారులకు శిక్షణ నిచ్చినచో ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలోని దిగులు, ఆందోళన రోగులలో కోలుకొనువారు హెచ్చుదురని 2010లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది. పొరుగున మొలచిన విధానము, సొంత రాష్ట్రమున పరీక్షింపబడిన విధానము, ఇంకేమి కావలయును?

ఇచట నొక ప్రమాదమును ముందుగనే వారింపగోరుదును. భయము మెదడులోనిదని నేను వ్రాసినది చదివి, అట్లయిన బోరుకు రాయితీ యేల, పంటకు గిట్టుబాటు ధర యేల, మాత్రలు పంచినచో చాలునని యెవ్వరైన మేధావి సచివాలయములో లెక్కలు కట్టవచ్చును. అట్టి యర్థమును నేనొప్పను. వాన లేమియు, వడ్డీయు బయటి కారణములు. వాటిని తీర్చు బాధ్యత ఇతర శాఖలది, అందుండి వారికి విముక్తి లేదు. కాని కలుషితజలమువలన కలరా వచ్చినపుడు, నీటిని శుద్ధిచేయుట పంచాయతీ పని గదా యని వైద్యుడు సెలైను ఎక్కించుట మానెనా? కారణము బయటనున్నను రోగము లోపలిదైనప్పుడు అది మీది.

చికిత్స యనగా ధైర్యవచనము గాదని మీ వైద్యులకు వేఱుగ చెప్పవలసియుండుట విచారకరము. ముందు థైరాయిడును, రక్తహీనతను పరీక్షింపవలయును, ఏలయన ఆ రెండును దడ పుట్టించునవే. అవి లేవని తేలినచో, “నీకున్నది గుండెజబ్బు గాదు, నీ మెదడులోని భయపు నాడులు అకారణముగా లేచుచున్నవి, దీనికి వైద్యము కలదు” అని అయిదు నిమిషములు కూర్చుండి చెప్పుటయే సగము చికిత్స. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రాము వంటి మందులు కొన్ని వారములకు గాని ఫలము నీయవని, మొదటి దినములలో దడ కొంత హెచ్చవచ్చునని ముందే చెప్పనిచో రోగి వారము తిరుగకుండ వాటిని పాఱవేయును. మందుతోడనో మందు లేకయో, భయపడు చోటికి అంచెలంచెలుగా రోగిని చేరువచేయు పద్ధతిని జోసెఫ్ వోల్పె 1958లో ప్రతిపాదించెను. సంత కేగుటకు భయపడువానిని తొలుత వీధిచివరకు, పిదప బస్సు స్టాండుకు నడిపించుటకు నిపుణుడే రానక్కఱలేదు, శిక్షణ పొందిన నర్సు చాలును.

మీరు 14416 అను టెలీమానస్ సంఖ్యను చూపుదురని యెఱుగుదును. 2022 అక్టోబరు 10న మొదలైన యా యేర్పాటు మంచిదే. కాని తన దడ గుండెదే యని నమ్మినవాడు మనసుకొఱకని పెట్టిన సంఖ్యకు ఎందుకు ఫోను చేయును? అతడు వచ్చునది మీ ఆసుపత్రికే, ఈసీజీ బల్లమీదికే. మీరు పట్టుకొనవలసినచోటు అది. నిర్దుష్టమైన ఈసీజీతో తిరిగి వచ్చిన ప్రతి రోగిని, బల్ల దిగకముందే భయమును గుఱించిన ఆ రెండు ప్రశ్నలు అడుగవలయునని యొక ఆదేశము వ్రాయుటకు శాసనసభ సమావేశము కావలయునా? 421వ నంబరు ఉత్తరువు ననుసరించి విచారణ జరిగిన ప్రతి యింటికిని, ఆ ఆరుగురు వెళ్లిన పిమ్మట, మీ శాఖనుండి ఒక్కరు పోయి, ఆ భార్య నిద్రపోవుచున్నదా, ఆ పిల్లవాడు బడికి పోవుటకు బెదరుచున్నాడా యని యడిగినచో మీ గౌరవమునకు లోపమేమి?

రాబోవు తొలకరికి ముందు ఆశా కార్యకర్త చేతి పత్రమున భయమును గుఱించిన ఆ రెండు పంక్తులు ఏ తేదీనుండి కనబడునో, మా మండలపు వైద్యాధికారులకు శిక్షణ ఏ నెలలో ముగియునో, సెర్ట్రలిన్ మాత్ర ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు బీరువాకు ఎన్నడు చేరునో, ఈ మూటికిని మూడు తేదీలు పత్రికాముఖమున ప్రకటింప వేడుచున్నాను.

ఇట్లు,
కంబదూరు మండల వాస్తవ్యుడు